మీది ఏ రకం ఫెమినిజం, వదినా?

"ఏందమ్మాయ్, ఈ ఫెమినిజంలో ఇన్ని రకాలా?" అంటూ పక్కింటి వదిన గోడ మీదుగా ఓ నోటుపుస్తకం చాపింది. మార్చి ఎనిమిదికి వాళ్ళమ్మాయి కాలేజీలో వక్తృత్వపు పోటీ పెట్టారట. ఆ పిల్ల ఫోన్లో వెతికి ఎక్కించుకున్న చిట్టా అది. లిబరల్, రాడికల్, సోషలిస్టు, బ్లాక్, ఎకో, ఇస్లామిక్, దళిత, పోస్ట్ కలోనియల్... కిందికి ఇంకా పేజీడు ఉన్నాయి. "నేనింకా మగాళ్ళని తిట్టటమే ఫెమినిజం అనుకున్నా. దానికిన్ని పేర్లెందుకంట?"

పిడుగురాళ్లలో మార్చి నెలంటే ఎవరికీ తీరికుండదు. మిరప కోతలప్పుడే. డాబా మీద ఆరబోసిన కాయల ఘాటు ఒకపక్క, సున్నం బట్టీల వైపు నుంచి గాలి తిరిగితే మొక్కల మీద తెల్లటి పొడి ఒకపక్క. అయినా వదిన అడిగింది న్యాయమైన మాటే కాబట్టి చీపురు గోడకి ఆనించి నిలబడ్డాను.

"వదినా, అన్నయ్య గుంటూరు యార్డుకి టిక్కీలేసుకెళ్తాడు గదా. అక్కడ మిర్చి అంటే అంతా ఒకటేనా?"

"ఒకటెట్టా అవుద్ది! తేజ వేరు, 341 వేరు, బాడిగ వేరు. కారం కావాల్సినోడు తేజ అడుగుతాడు, రంగు కావాల్సినోడు బాడిగ అడుగుతాడు."

"ఇదీ అంతే. ఏ ఊరి ఆడాళ్ళకి ఏది కావాల్సొస్తే అది అడిగారు. ముందు ఉద్యమాలు వచ్చినయ్, పేర్లు తర్వాత చదువుకున్నోళ్ళు పెట్టారు."

వదిన నమ్మినట్టు కనపడలేదు. సరే, ఓటు దగ్గర మొదలుపెట్టాను. 1848లో అమెరికాలో సెనెకా ఫాల్స్ అనే ఊళ్ళో ఆడవాళ్ళు సభ పెట్టి ఓటు హక్కు అడిగారు. దేశం మొత్తానికీ ఆడవాళ్ళకి ముందు ఓటిచ్చింది న్యూజీలాండ్, 1893లో. మనం అప్పుడు మద్రాసు రాజధానిలో ఉన్నాం. ఇక్కడ 1921లోనే, కొంచెం ఆస్తీపాస్తీ ఉన్న ఆడవాళ్ళకి ఓటొచ్చింది. 1952 నాటికి కూలీనాలీ చేసుకునే మామ్మలు కూడా లైన్లో నిలబడి ఓట్లేశారు. మరి స్విట్జర్లాండు? మంచుకొండలు, బ్యాంకులు, గడియారాలు ఉన్న స్విట్జర్లాండు? అక్కడి మగాళ్ళు ఆడవాళ్ళకి దేశ ఎన్నికల్లో ఓటిచ్చింది 1971లో.

"పాటలు తీయటానికి మనోళ్ళు పోయే ఆ స్విట్జర్లాండేనా?" అంది వదిన. అదే. అందుకే ఫెమినిజాన్ని ఈ మొదటి అల, రెండో అల, మూడో అల అని లెక్కేసి చెప్పే పుస్తకాలంటే నాకు పెద్దగా గురి లేదు. అది అమెరికా ఒడ్డున కూర్చుని వేసిన లెక్క. మన కృష్ణ ఒడ్డున నిలబడి చూస్తే వేరే లెక్కొస్తుంది.

"ఓటొచ్చింది సరే. పొద్దున్నే లేచి కాఫీ పెట్టేది ఎవరు?" అంది వదిన. ఇదే ప్రశ్న చిట్టాలో రాడికల్, సోషలిస్టు అని రాసిన చోట్ల ఉందని చెప్పాను. 1972 నాటికి ఇటలీలో కొందరు ఇంటిపనికి జీతమియ్యమని ఉద్యమమే లేపారు. 1975 అక్టోబరు 24న ఐస్‌ల్యాండులో నూటికి తొంభైమంది ఆడవాళ్ళు ఒక్కరోజు పని మానేశారు. ఆఫీసు పని, ఇంటిపని, పిల్లల పని, ఏదీ ముట్టుకోలేదు. తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకి పోవాల్సొచ్చింది. తేలిగ్గా వండుకోవచ్చని సాసేజీల కోసం ఎగబడితే కొట్లలో అవీ అయిపోయాయి. అయిదేళ్ళు తిరిగేసరికి ఆ దేశం ఓ ఆడమనిషిని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. మన తెలుగులోనూ కవయిత్రి విమల 'వంటిల్లు' అని కవిత రాసింది. ఆడదాని బతుకంతా ఆ గదిలో ఎట్టా ఇరుక్కుపోయిందో అందులో చెప్పింది.

వదిన చప్పరించేసింది. "నేనొక్కరోజు మానితే మీ అన్నయ్య పలావు పార్సిలు తెచ్చుకుని హాయిగా తింటాడు. మర్నాడు పొద్దున రెండ్రోజుల అంట్లు నా ముందుంటాయి." ఐస్‌ల్యాండులో అందరూ ఒకేసారి మానారు గాబట్టి సాగింది. ఒక్కతే మానితే అంట్లే మిగిలేది. వదిన మాటలో తప్పేం లేదు.

ఈలోగా వసారాలో మంచం మీద ఉన్న వదిన అత్తగారు, మేమంతా మామ్మా అంటాం, అందుకుంది. "ఆడపెత్తనం వస్తే ఏమవుద్దో మన పల్నాడుకి ఒకరు చెప్పాలా? నాగమ్మ వల్లే గదంటే కారెంపూడిలో నెత్తురు పారింది!"

ఇట్టాంటి మాట పడితే నాకు నోరు నిలవదు. పల్నాటోళ్ళం, నాగమ్మ గురించి మనం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? పన్నెండో శతాబ్దంలో గురజాలలో నలగామరాజు దగ్గర మంత్రిగిరీ చేసింది నాయకురాలు నాగమ్మ. జిట్టగామాలపాడు మనిషి. బాలవితంతువని కథల్లో చెప్తారు. ఆ రోజుల్లో ఓ వితంతువు, రాజుగారి పక్కన కూర్చుని రాజ్యం నడిపింది. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత ఇప్పటికీ మన ఊళ్ళలో ఆడమనిషి సర్పంచైతే భార్యాభర్తల్లో కుర్చీ ఎవరిదో తేలని చోట్లున్నాయి గదా, ఆలోచించండి.

అసలు పల్నాటి యుద్ధం దేనికి వచ్చింది? నలగాముడూ మలిదేవుడూ ఒక తండ్రి బిడ్డలే, తల్లులు వేరు. రాజ్యం పంచుకున్నారు. పంపకం సరిపడలేదు. కోడిపందెం కాశారు. ఓడిన మాచర్ల వాళ్ళు, అంటే మలిదేవుడి పక్షం, ఏడేళ్ళు వలస పోయారు. తిరిగొచ్చి మా భాగం మాకిమ్మంటే గురజాల వాళ్ళు ఇయ్యలేదు. మొత్తం చూస్తే దాయాదుల ఆస్తి తగాదా. పందెం కాసింది రెండు పక్షాలూ, కత్తులు పట్టింది మగాళ్ళు. నాగమ్మ ఎత్తులు వేయలేదని నేననను, వేసింది. మంత్రి అన్నాక వేస్తుంది. మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుడు చేస్తే రాజనీతి, నాగమ్మ చేస్తే కుట్ర, అదే నాకు మింగుడు పడనిది. వీరుల కథ చెప్పిందీ రాసిందీ ఎక్కువగా మగాళ్ళే మరి.

"సినిమాలో భానుమతి భలే చేసింది గదా," అంది మామ్మ కాస్త మెత్తబడి. అవును, 1966 నాటి పల్నాటి యుద్ధంలో నాగమ్మ భానుమతి. అంతకుముందు 1947లో తీసిన దాంట్లో కన్నాంబ. ఆ పాత్ర వేయాలంటే అంత పెద్ద నటి కావాల్సొచ్చిందంటేనే తెలుస్తోంది, తిట్టుకుంటూనే ఆమె చుట్టూ తిరిగింది ఈ కథ అని.

ఇంకోటి కూడా అన్నాను, మామ్మకి నచ్చలేదు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టాడని చెప్పుకుంటాం. గొప్ప సంగతే. మరి ఆ కూడు వండిందెవరు, చివర్లో తిన్నదెవరు? కథలో ఎక్కడా లేదు.

ఇక్కడ వదిన కూతురు కూడా వచ్చి గోడ దగ్గర చేరింది. "ఇదంతా బయటి దేశాల నుంచి వచ్చిందే గదా అత్తా? మా సార్ అట్టాగే అన్నారు." సార్లు అంటారు. వర్జీనియా వుల్ఫ్ ఆడదానికి తనకంటూ ఓ గది కావాలని రాసింది 1929లో. ఆడవాళ్ళ స్థితి మీద సిమోన్ ద బోవా పుస్తకం వచ్చింది 1949లో. వాళ్ళిద్దరికంటే ముందుదే మన భండారు అచ్చమాంబ. అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. బడికి పోని మనిషి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకుని, దేశంలో గొప్ప స్త్రీల చరిత్రలన్నీ వెతికి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చేసింది. ఆడవాళ్ళకి తెలివి లేదనేవాళ్ళకి ఆమె వాదించి జవాబు చెప్పలేదు, ఉదాహరణలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది 1902లో. 1905లో చనిపోయింది, అప్పటికి ముప్ఫై ఏళ్ళ చుట్టుపక్కలే. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ కలిసి ఆడపిల్లల కోసం 1922లో శారదా నికేతనం పెట్టారు. మాలపల్లి రాసిన ఉన్నవ మన సత్తెనపల్లి తాలూకా మనిషే. వీళ్ళెవరికీ ఫెమినిజం మాట ఓడలో రాలేదు. కంటి ముందు బోడిగుండ్లతో పసి వితంతువులు కనపడ్డారు, అంతే.

కందుకూరి 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించాడని పాఠాల్లో చదువుకున్నాం. దాన్ని తక్కువ చేయను. కానీ సంస్కర్త మంచి మనసుతో చేసి పెట్టటం ఒకటి, ఆడది తనే నోరు తెరవటం ఒకటి. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు పట్టిన ఆడవాళ్ళని, కొరియర్లుగా తిరిగిన వాళ్ళని ముప్ఫై ఏళ్ళ తర్వాత వెతికి పట్టుకుని, వాళ్ళ మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర' అని 1986లో పుస్తకం తెచ్చింది హైదరాబాదు స్త్రీశక్తి సంఘటన. పోరాటం అయిపోయాక ఇక ఇళ్ళకి పోయి కాపురాలు చేసుకోమన్నారని అందులో వాళ్ళు చెప్పుకున్న బాధ చదివితే, ఏ దేశపు విప్లవమైనా ఈ ఒక్క చోట ఒకటేననిపిస్తుంది. గుంటూరులో పుట్టిన ఓల్గా 'స్వేచ్ఛ' నవల వచ్చింది ఆ మరుసటి ఏడే. 1993లో 'నీలిమేఘాలు' కవితా సంకలనం వచ్చింది. కొండేపూడి నిర్మల, జయప్రభ, పాటిబండ్ల రజని లాంటి వాళ్ళు పురిటి నొప్పుల గురించీ, గర్భస్రావం గురించీ, ఒంటి మీద పడే చూపుల గురించీ కవిత్వం రాస్తుంటే ఈసడించుకున్నవాళ్ళు బోలెడుమంది. ఇప్పుడవి పాఠాలయ్యాయి.

మా మాటలు ఇట్టా నడుస్తుండగానే మిరపకాయల తొడాలు తీయటానికి వచ్చిన ఆమె మా వైపే చూస్తా కూర్చుంది. నాలుగు నెలలుగా తెల్లవారకుండా ఆటో ఎక్కి కోతలకి పోయే మనిషి. గోళ్ళ చుట్టూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఎన్ని నీళ్ళు పోసి కడిగినా ఆ మంట పోదట. రాత్రిళ్ళు చంటాడి ఒంటి మీద చెయ్యెయ్యాలంటే భయమట, వాడికి మండుతుందని. "మీరు గడప దాటితే గొప్ప అంటన్నారు. మేం ఇంట్లో ఉన్నదెప్పుడు, దాటటానికి? మందు కొట్టే మగోడికి ఒక కూలి, కాయ కోసే నాకు ఒక కూలి. అది అడగండమ్మా," అని మళ్ళీ తన గంపలోకి తల దించుకుంది.

ఆ పూట నడిచిన మాటలన్నిట్లోకీ బరువైన మాట అదే, అది నేను చెప్పింది కాదు. ఆడకి మగకి ఒక పనికి ఒకటే కూలి ఇవ్వాలని దేశంలో 1976లోనే చట్టం చేశారు. కానీ అది మందు పని, ఇది కోత పని అని వేరు చేసి చూపిస్తే చట్టం ఏం చేస్తుంది?

ఇంట్లో ఉండే ఆడాళ్ళకీ కూలికి పోయే ఆడాళ్ళకీ మధ్య సరిగ్గా ఇట్టాంటి పోట్లాటే అమెరికాలోనూ జరిగింది. 1963లో బెటీ ఫ్రీడన్ అనే ఆవిడ, పట్నం శివారు ఇళ్ళలో అన్నీ ఉండీ ఏమీ తోచక కుమిలిపోయే గృహిణుల గురించి పుస్తకం రాస్తే లక్షల్లో అమ్ముడుపోయింది. వాళ్ళంతా ఉద్యోగాలకి పోతే వాళ్ళ పిల్లల్ని చూసేదీ, ఇళ్ళు ఊడ్చేదీ ఎవరని నల్లజాతి రచయిత్రి బెల్ హుక్స్ 1984లో నిలదీసింది. అంతకు నూట ముప్ఫై ఏళ్ళ ముందే, బానిసగా పుట్టిన సొజర్నర్ ట్రూత్ ఓహాయోలో ఓ సభలో లేచి, మగాళ్ళతో సమానంగా దున్నాను, కోశాను, మోశాను అని చెప్పింది. మన దగ్గర కారంచేడు, చుండూరు దళితుల ఊచకోతల తర్వాత దళిత స్త్రీలు ఇదే అడిగారు. చల్లపల్లి స్వరూపరాణి, జూపాక సుభద్ర, గోగు శ్యామల లాంటి వాళ్ళు, మీ ఫెమినిజంలో మా వాడ ఎక్కడుంది అన్నారు. గోగు శ్యామల 2003లో దళిత స్త్రీల రచనలన్నీ కలిపి 'నల్లపొద్దు' తెచ్చింది. ముస్లిం ఆడపిల్ల బాధ మీకు అర్థం కాదులే అని షాజహానా 'నఖాబ్' రాసింది. స్త్రీవాదులు తమలో తాము కొట్టుకుంటారని ఎగతాళి చేసేవాళ్ళుంటారు. కొట్టుకోకపోతే ఆ కోత కూలీ మాట ఎప్పటికి బయటికొచ్చేది?

"మరి మన దూబగుంట రోశమ్మది ఏ రకం?" అంది మామ్మ ఉన్నట్టుండి. చూశారా, ఆడపెత్తనం వద్దన్న మామ్మే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవటానికి చేరిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1992లో ఊరూరా చీపుర్లు, కారం పొట్లాలు పట్టుకుని సారా బండ్లకి అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు ఒకటి నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీ రామారావు మొత్తం మద్యమే ఆపేశాడు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ మద్యనిషేధం ఎత్తేసింది. గెలిచింది ఆడవాళ్ళు, ఆ గెలుపు మీద ఓట్లు ఏరుకున్నది పార్టీలు. రోశమ్మని ఏ గడిలో రాయాలో పిల్ల చిట్టాలో వెతికాను. ఏ గడీ సరిపోలేదు. మొగుడి కూలి డబ్బులు ఇంటికి రావాలి, దెబ్బలు ఆగాలి, ఆమెకి కావాల్సింది అదీ. హిమాలయాల్లోని రేణీ ఊళ్ళో 1974లో చెట్లు నరకొద్దని అడ్డం పడ్డ గౌరాదేవిని కూడా ఎకో ఫెమినిస్టు అన్నది తర్వాతి వాళ్ళే. మా ఊళ్ళో సున్నం దుమ్ము మీద అట్టా ఎవరు లేస్తారో గానీ, పొద్దునా సాయంత్రం ఆ దుమ్ము తుడిచేది ఆడాళ్ళే, బట్టీల దగ్గర గంపలెత్తే వాళ్ళలోనూ ఆడాళ్ళున్నారు.

పిల్లకి మాత్రం అన్నిట్లోకీ కొరియా నచ్చింది. అక్కడ కొందరు అమ్మాయిలు పెళ్ళి వద్దు, పిల్లలు వద్దు, మగాడితో ప్రేమా వద్దు, పడకా వద్దు అని 4బి అని పెట్టుకున్నారు. వదిన గుండెల మీద చెయ్యేసుకుని, "అది మాత్రం స్టేజీ మీద చెప్పమాక, సంబంధాలు చూస్తన్నాం," అంది. పిల్ల నవ్వి లోపలికి పోయింది.

పిల్ల పోయాక వదిన గొంతు తగ్గించింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది. వదిన వాళ్ళ నాన్న పోయి ఏడాదైంది. సాగర్ కుడికాలువ కింద నాలుగెకరాలుంది. వచ్చే వారం రిజిస్ట్రారాఫీసుకి వచ్చి, నాకేం వద్దని హక్కు విడుదల కాయితం మీద సంతకం పెట్టమని వదిన వాళ్ళ అన్నయ్యలు ఫోన్ చేశారట. పట్టుచీర కూడా తీసి పెట్టారట. "పెట్టనంటే రేపు పిల్ల పెళ్ళికి పుట్టింటోళ్ళు గడప తొక్కుతారా?"

ఇంగ్లండులో పెళ్ళయిన ఆడదాని ఆస్తి ఆమెదేనని చట్టం చేసింది 1882లో. మన దగ్గర ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుందని దేశంలో మొదట చట్టం చేసింది ఆంధ్రప్రదేశే. 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేశారు. అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి మాత్రం లేదన్నారు. మామ్మ పెళ్ళి ఎప్పటిదో! ఆమెకి పసుపు కుంకుమ కింద అరెకరం ఇస్తామని అన్న మాట, మాటగానే మిగిలిపోయింది. ఆ అడ్డం 2005లో కేంద్ర చట్టం తీసేసింది. ఆ చట్టం వచ్చిన రోజుకి తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు రిజిస్టరై ఉంటే వాటిని తిరగదోడరు. తండ్రి స్వార్జితమైతే బతికుండగా ఆయన ఇష్టం. వీలునామా రాయకుండా పోతే అందులోనూ కూతురికి కొడుకుతో సమానంగా వస్తుంది.

ఇదంతా చెప్తే వదిన, "చట్టం పుట్టింటికి పండక్కి పిలుస్తుందా?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. అన్నదమ్ములు ఆస్తి కోసం కారెంపూడిలో నరుక్కుంటే వీరులని గుళ్ళు కట్టాం. ఆడపిల్ల తన భాగం అడిగితే ఆశపోతు అంటాం. నా మట్టుకు నాకు, పిల్ల చిట్టాలో ఉన్న రకాలన్నిట్లోకీ పల్నాడులో ఇంకా మొదలు కావాల్సిన ఫెమినిజం ఇదే. వదిన ఏం చేస్తుందో వదిన ఇష్టం. నేను పెట్టమనీ అనలేదు, మానమనీ అనలేదు.

మీలో ఎవరికైనా పుట్టింటి నుంచి ఇట్టాంటి ఫోనొస్తే ఒక్కటి చేయండి. కాయితం నకలు ముందుగా తెప్పించుకుని, తెలిసినవాళ్ళతో చదివించుకున్నాకే ఆఫీసు మెట్లెక్కండి. లాయరు ఖర్చుకి భయపడొద్దు. కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం, ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్ళకి అక్కడ లాయర్ని ఉచితంగా పెడతారు.